పక్కన కూర్చున్న పెద్దాయన – పాల్ఘాట్ మణి అయ్యర్

మన సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంతంతో సంబంధమున్న మహనీయుడొకరి జీవితం రాసివ్వమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట తోచిన పేరు పాల్ఘాట్ మణి అయ్యర్ గారిది. పాల్ఘాట్ ఎక్కడ, మదనపల్లె ఎక్కడ అని మిత్రులు అడుగుతారని తెలుసు. ఆయన కేరళలో పుట్టిన తమిళ బ్రాహ్మణుడు. మద్రాసు, తంజావూరు సభల్లో వెలిగిన మృదంగ విద్వాంసుడు. అయితే దక్షిణాదిలో ఇంతటి మార్దంగికుడు లేడని పండితులూ పామరులూ ఒప్పుకున్న తరువాత, 1970లలో కొన్నేళ్లపాటు ఆయన మన మదనపల్లెకు పది మైళ్ల దూరంలోని రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలకు మృదంగం నేర్పారు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

నేను సంగీతజ్ఞుణ్ణి కాను. ముప్పయి నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరైనవాణ్ణి. మా ఊరు పెద్దతిప్పసముద్రం. పేరులో సముద్రం ఉందిగానీ మాది కరువు సీమ అని మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఏకాదశి వస్తే భజన ఆగేది కాదు. వేసవిలో వీధి నాటకాలు, అప్పుడప్పుడు హరికథ ఉండేవి. చిన్నతనంలో నేను హరిదాసు ముఖం కంటే పక్కన చాప మీద కూర్చున్న మద్దెలాయన చేతులనే ఎక్కువగా చూసేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక శనివారం రాత్రి రేడియోలో వచ్చే జాతీయ సంగీత కార్యక్రమం వినడం అలవాటైంది. మణి అయ్యర్ గారి వాద్యం నేను విన్నదంతా రేడియోలోనే.

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని మన సామెత. రోలుకు ఒకవైపే పోటు, మద్దెలకు రెండువైపులా వాయింపు. కచేరీలో మద్దెల వాయించేవాడి సంగతీ అంతే. పాట బాగుంటే పేరు గాయకుడిది, తాళం తప్పితే నింద మార్దంగికుడిది. కరపత్రంలో ఆయన పేరు అడుగున ఉంటుంది. వేదిక మీద కూర్చునేదీ ఒక పక్కనే. పక్కవాద్యం అనే మాటలోనే ఆ హోదా ఉంది. కచేరీకి పారితోషికం కూడా ఆ వరుసలోనే. ఫైలు మొత్తం చదివి, నిబంధన వెదికి, నోటు రాసి పైకి పంపేది గుమాస్తా అయితే, పచ్చ సిరాతో సంతకం చేసేది ఆఫీసరు. ఈ బాధ మన సభ్యులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మణి అయ్యర్ గారు జీవితాంతం ఆ పక్క స్థానంలోనే కూర్చున్నారు, దానిని వదిలి మధ్యకు జరగాలని చూడలేదు. కానీ ఆ స్థానానికున్న విలువను మార్చిపెట్టారు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

ఆయన 1912 జూన్ నెలలో అప్పటి కొచ్చిన్ సంస్థానంలోని పళయనూరులో పుట్టారు. పెట్టిన పేరు రామస్వామి, పిలుపు మణి. తండ్రి శేషం భాగవతార్ గాయకుడు. కనుక ఇంట్లో పాట ముందు, మద్దెల తరువాత. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీని అవసరం వస్తుంది. ఆ ప్రాంతం లయకు పుట్టిల్లు. గుడి ఉత్సవమంటే చెండ, మద్దళం, తిమిల, ఇడక్క, కొమ్ము, తాళాలు కలిసి గంటల తరబడి మోగవలసిందే. పంచవాద్యానికి నేటి రూపం తెచ్చిన పెద్దల్లో ఒకరైన వెంకిచ్చన్ స్వామి కూడా ఆ పక్కనున్న తిరువిల్వామలవారే. అలాంటి చోట పుట్టిన పిల్లవాడి చెవిలో లయ ఉగ్గుపాలతోనే పడి ఉంటుంది.

మొదటి పాఠాలు చాత్తపురం సుబ్బయ్యర్ గారి వద్ద. పదేళ్ల వయసుకే హరికథలకు మృదంగం పట్టాడు. హరికథ అంటే మాటలా? కథకుడు ఎప్పుడు వచనం ఆపి పద్యమందుకుంటాడో, ఎప్పుడు కాళ్లకు గజ్జె మోగిస్తాడో ముందుగా చెప్పడు. పక్కవాడు కన్ను ఆర్పకుండా చూస్తూ ఉండాలి. మన ఊళ్ల మద్దెలగాళ్లంతా అలా తయారైనవాళ్లే. మణి అయ్యర్ గారి చురుకుదనానికి పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం.

1924లో, పన్నెండేళ్ల వయసులో, మద్రాసు ఎగ్మూరులోని జగన్నాథ భక్త సభలో చెంబై వైద్యనాథ భాగవతార్ కచేరీకి వాయించే అవకాశం వచ్చింది. చెంబై గారూ పాల్ఘాటు ప్రాంతీయులే. గంట మోగినట్టుండే గొంతు, మనసు కూడా అంతే విశాలం. చిన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని సభకు పరిచయం చేయడంలో ఆయనకు సాటి లేరు. ఆనాటి నుంచి మణి పేరు మద్రాసులో పాకింది. తరువాత చెంబై గానం, మైసూరు చౌడయ్య గారి వయొలిన్, మణి అయ్యర్ మృదంగం కలిస్తే ఆ కచేరీకి జనం విరగబడేవారు.

పేరు వచ్చిన పిల్లవాడు సాధారణంగా ఇక చాలనుకుంటాడు. ఈయన అలా అనుకోలేదు. తంజావూరు వెళ్లి వైద్యనాథయ్యర్ గారి వద్ద మళ్లీ శిష్యుడై కూర్చున్నారు. తంజావూరు బాణీ మరాఠా రాజుల నాటి నుంచి వస్తున్నది. నాదం మెత్తన, పాటకు అణకువ. దీనికి ఎదురుగా పుదుక్కోట్టై బాణీ ఉండేది. కచేరీలో కంజీరకు చోటు సంపాదించిన మాన్పూండియా పిళ్లై దానికి మూలపురుషుడు. లెక్కల్లో దిట్టలు, తవిలు వాద్యపు ఊపు తెలిసినవాళ్లు. ఆయన శిష్యుడు దక్షిణామూర్తి పిళ్లై కంజీర, మృదంగం రెండింటిలోనూ సింహం. అలాంటి పెద్దలతో ఒకే వేదిక మీద కూర్చుని యువకుడైన మణి తన చెయ్యి చూపించవలసి వచ్చింది. ఆ కూర్చోవడంలోనే రెండో బాణీలోని సారమూ ఆయనకు వంటబట్టింది. ఆయన సమకాలికుల్లో పళని సుబ్రహ్మణ్య పిళ్లై ఎడమచేతివాటం మనిషి, పుదుక్కోట్టై సంప్రదాయంవారు, 1962లో పోయారు. మూడోవారు రామనాథపురం మురుగభూపతి. ఈ ముగ్గురినీ మృదంగ త్రిమూర్తులని సంగీతలోకం చెప్పుకుంటుంది. ఎవరు గొప్ప అని వాదులాడుకునే రసికులు ఇంకా ఉన్నారు. నాకు ఆ తగువులోకి దిగే అర్హత లేదు.

ఇక ఆయన చేసిన పని. కచేరీకి ముందు రిహార్సలు ఉండదు. గాయకుడు ఏ పాట ఎత్తుకుంటాడో చాలాసార్లు పక్కవాద్యాలవారికి తెలియదు. నాటకంలో మాదిరి కాగితమూ లేదు. పల్లవి మొదటి మాట చెవిన పడగానే తాళమేది, ఎడుపు ఎక్కడ, కాలప్రమాణం ఎంత అని నిమిషంలో పదోవంతులో పట్టేయాలి. అంతవరకు మంచి మార్దంగికులంతా చేస్తారు. తాళం తప్పకుండా నడిపిస్తారు, ఖాళీ దొరికితే నింపుతారు. మణి అయ్యర్ గారు పాటనే మృదంగం మీద వాయించారు. సంగతి ఎలా విరిస్తే దెబ్బ అలా విరిసేది. గాయకుడు ఒక అక్షరాన్ని సాగదీస్తే అక్కడ చెయ్యి ఎత్తేసి ఊరుకునేవారు. ఆ ఊరుకోవడమే వాద్యంలో భాగమయ్యేది. అనుపల్లవి పైస్థాయికి వెళ్లేటప్పుడు ఒక రకం, చరణంలో మాటలు చిక్కబడేటప్పుడు ఇంకో రకం. మధుర మణి అయ్యర్ స్వరాలకు ఒకలా, జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం వేగానికి మరోలా, అరియకుడి రామానుజ అయ్యంగార్ నింపాది నడకకు ఇంకోలా వాయించారు. లెక్కల చిక్కుముడులున్న పల్లవులు పాడే ఆలత్తూరు సోదరులకు వాయించడమంటే కొందరికి గుండె దడ. ఈయనకు అది పండగ.

దీనికి కారణం ఇంతకుముందు చెప్పిన ఇంటి సంగతే. గాయకుడి కొడుకు. కృతులు ఆయనకు కంఠోపాఠం. ఆ కృతుల్లో ఎక్కువ భాగం ఏ భాషవి? త్యాగరాజస్వామివి, మన తెలుగువి. మాతృభాష తెలుగు కాని మనిషి, మన భాషలోని మాట ఎక్కడ విరగాలో, ఎక్కడ విరగకూడదో తెలిసి వాయించాడు. మన తెలుగు వేదికల మీదే కొందరు గాయకులు మాటను నడిమికి తుంచి పాడుతుంటే విన్నప్పుడు నాకు ఈయన గుర్తుకు వస్తారు.

చర్మవాద్యం మాట పలకడమనేది ఒక్క మనదేశంలోనే లేదు. పశ్చిమ ఆఫ్రికాలో నైజీరియా దేశపు యోరుబా ప్రజలకు మన బుడబుక్కలవాడి డక్కీలాగా నడుము సన్నగా ఉండే వాద్యమొకటి ఉంది. చంకలో పెట్టి తాళ్లు నొక్కితే స్వరం హెచ్చుతుంది, తగ్గుతుంది. వాళ్ల భాషలో స్వరం మారితే అర్థం మారుతుంది కాబట్టి ఆ వాద్యంతో మాటలే పలికిస్తారు. ఆ దేశంవాడే బాబాతుండే ఒలాతుంజి 1950లో చదువుకని అమెరికా వెళ్లాడు. ప్రభుత్వ పరిపాలన శాస్త్రం చదువుతూ చదువుతూ, చివరకు తన దేశపు వాద్యాలే వృత్తిగా పెట్టుకుని 1960లో ఒక రికార్డుతో పేరు సంపాదించాడు. 2003లో మరణించాడు. పరిపాలన శాస్త్రం ఒక మంచి గుమాస్తాను పోగొట్టుకుంది. మన మణి అయ్యర్ గారు బడి చదువు పెద్దగా లేకుండానే అదే కాలంలో అదే పని మన పద్ధతిలో చేశారు.

కచేరీలో ప్రధానమైన కీర్తన అయ్యాక మార్దంగికుడికి ఒక పది పదిహేను నిమిషాలు వదిలిపెడతారు. దాన్ని తని ఆవర్తనం అంటారు. సభికుల్లో సగంమంది కాఫీకి లేచేది అప్పుడే. మన సమావేశాల్లో కోశాధికారి లెక్కలు చదివేటప్పుడు లేచినట్టు. మణి అయ్యర్ గారు వాయిస్తుంటే మాత్రం లేచేవారు కాదని ఆనాటి కచేరీలు విన్న పెద్దలంతా చెప్పేవారు. రేడియోలో నేను విన్నంతవరకు నాకు అర్థమైంది ఇది. ఆయన గబగబా లెక్కల్లోకి దూకరు. మొదట తాళాన్ని అలా పరిచిపెడతారు, నాలుగు చాపులు వేసి ఆపుతారు. ఎడమవైపు తొప్పి మీద నుంచి ఒక గుమ్మని ధ్వని లేస్తుంది. తరువాత కొద్దికొద్దిగా దట్టం చేసుకుంటూ పోయి మోహరా, ముక్తాయింపుతో తెచ్చి పల్లవి ఎడుపు దగ్గర పెట్టేస్తారు. తాళం వేయడం రానివాడికి కూడా అది వచ్చి చేరిందని తెలుస్తుంది.

ఇంత నాదం ఆ కర్రలో నుంచి ఎలా వచ్చింది? ఇక్కడ మరొక మనిషి పేరు చెప్పాలి. ఆయన పర్లాందు. తంజావూరులో మృదంగాలు తయారుచేసే కుటుంబం, దళిత క్రైస్తవులు. తండ్రి సెబాస్టియన్ కూడా అదే పని చేశాడు. మృదంగం అంటే తొలిచిన పనసమొద్దు, దానికి రెండువైపులా చర్మపు మూతలు. ఆవు, మేక, గేదె – మూడింటి చర్మమూ కావాలి. కుడివైపు నడుమ నల్లగా కనిపించేది ఒక రకం రాతిపొడిని అన్నంతో నూరి, పొర మీద పొర వేసి, రుద్ది రుద్ది ఆరబెట్టింది. ఎడమవైపు కచేరీకి ముందు రవ్వ ముద్ద అద్దుతారు. చర్మం మందం ఒక వెంట్రుకవాసి మారినా నాదం మారుతుంది. మణి అయ్యర్ గారికి చెవిలో ఒక ధ్వని ఉండేది. ఆ ధ్వనిని చేతితో తీసి చూపించినవాడు పర్లాందు. దశాబ్దాలపాటు ఇద్దరూ కలిసి చర్మాలు మార్చి, పొరలు మార్చి, వార్లు బిగించి వదిలి, ప్రయోగాలు చేశారు. ఇప్పుడు మనం మంచి మృదంగ నాదమని దేన్నంటున్నామో అందులో ఆయన వాటా కొంత కాదు, చాలా ఉంది.

గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ఈ తయారీదారుల కుటుంబాల మీద ఒక పుస్తకం రాసేవరకు సంగీతలోకం వీళ్ల పేరు బయటకు చెప్పుకున్నది తక్కువ. తానుగా చచ్చిన పశువు చర్మం మృదంగానికి అంత పనికిరాదని, కోసిన పశువు చర్మమే కావాలని ఈ పనివాళ్లకు తెలుసు. పూజగదిలో పెట్టి కుంకుమ అద్దే వాద్యం కబేళా దగ్గర మొదలవుతుంది. ఆ మొదటి పనంతా ఒక కులానిది, చివరి పేరంతా ఇంకో కులానిది. మా ఊళ్లో ఉత్సవానికి పలకలు కొట్టేవాళ్లు గుడి బయట గడ్డి మంట వేసి పలక కాచుకుంటుంటే చూసి పెరిగినవాణ్ణి. ఈ సంగతి నాకు కొత్తగా అనిపించలేదు, కానీ తేలికగానూ అనిపించలేదు. పక్కవాద్యం వాయించేవాడికి గాయకుడు ఎంత దూరమో, పక్కవాద్యం చేసిచ్చేవాడికి వాయించేవాడు అంతకు పదింతల దూరం. మణి అయ్యర్ గారు పర్లాందు పనితనాన్ని ఎంతో ఎరిగినవారే. బిరుదులు మాత్రం ఒకరికే వచ్చాయి.

పెద్దవాళ్ల జీవితం రాసేటప్పుడు మంచే రాయాలనే అలవాటు మన పత్రికల్లో ఉంది. నాకది నచ్చదు. మణి అయ్యర్ గారు చాలాకాలం స్త్రీల గానానికి వాయించేవారు కాదు. ఆనాడు చాలామంది పెద్ద విద్వాంసుల పద్ధతి అదే. సాటిలేని గాయనులు కూడా రెండో వరుస పక్కవాద్యాలతో సర్దుకోవలసి వచ్చేది. మన కార్యాలయాల్లో ఆడవాళ్లు కొత్తగా ఉద్యోగాల్లోకి వచ్చినప్పుడు జరిగిన గుసగుసలు నేను చూశాను. అలాంటిదే ఇదీ. ఆ నియమాన్ని పక్కనపెట్టి ఆయన మొట్టమొదట వాయించింది డి.కె. పట్టమ్మాళ్ గారికి. లయ మీద ఆమెకున్న పట్టు అటువంటిది. పల్లవి పాడటంలో మగవాళ్లకు తీసిపోని ధీరురాలు. ఆ స్నేహం వియ్యందాకా వెళ్లింది. ఆయన కుమార్తె లలితను పట్టమ్మాళ్ గారి కుమారుడు శివకుమార్ పెళ్లాడారు. ఆయనా మణి అయ్యర్ గారి దగ్గర మృదంగం నేర్చినవారే. నేటి గాయని నిత్యశ్రీ మహదేవన్ వారి బిడ్డ. వద్దన్న చోటనే ఇంటికి సంగీతం వచ్చి చేరింది.

గౌరవాల విషయం క్లుప్తంగా చెబుతాను. 1956లో సంగీత నాటక అకాడమీ అవార్డు. 1965లో స్కాట్లాండులోని ఎడింబరో ఉత్సవంలో వాయించి వచ్చారు. 1971లో పద్మభూషణ్. వీటన్నిటికంటే నేను పెద్దదిగా ఎంచేది 1966 సంవత్సరం. ఆ ఏడు మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆ గౌరవం పొందినవారు ఆ ఏటి సదస్సుకు అధ్యక్షత వహిస్తారు. అప్పటిదాకా ఆ కుర్చీలో గాయకులు, వీణ, వయొలిన్ వంటి వాద్యాల విద్వాంసులు కూర్చున్నారు. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1941లోనే కూర్చున్నారు. కానీ మృదంగం వాయించేవాడు ఒక్కడూ కూర్చోలేదు. ఆ ఏడు డిసెంబరులో మొదటిసారి పక్కవాద్యపు మనిషి మధ్య కుర్చీలో కూర్చుంటే, గాయకులు, పండితులు ఎదురుగా కూర్చున్నారు. గుమాస్తాను పిలిచి జిల్లా కలెక్టరు సమావేశానికి అధ్యక్షత వహించమన్నట్టు అనుకోండి. ఆయన వెనుక వచ్చిన మార్దంగికులందరికీ ఆ దారి తెరుచుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన ఒక పేచీ పెట్టారు. మైకు పెడితే వాయించనన్నారు. మనకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. ఆయన వాదం వేరు. మైకు వచ్చాక మృదంగం నాదం మొద్దుబారింది. వేలి కొసతో తీసే సన్నని పలుకుకు విలువ పోయింది. గాయకులు గొంతు విప్పడం మానేశారు. చేయి, గొంతు, చెవి ఈ మూడూ బలహీనపడుతున్నాయన్నది ఆయన బాధ. వేలమంది కూర్చునే పందిళ్లలో మైకు లేకుండా ఎలా అని నిర్వాహకులు తల పట్టుకున్నారు. కొన్నిచోట్ల మైకు తీసేసి కచేరీ పెట్టారు. వెనక వరుసలవాళ్లు కూడా నిశ్శబ్దంగా చెవులు రిక్కించి విన్నారు. చాలాచోట్ల ఆయనను పిలవడం తగ్గించారు. కాలం ఆయన వైపు లేదు. అది ఆయనకూ తెలిసే ఉండాలి. అయినా మాట మార్చలేదు. ఒప్పుకుని ఉంటే మరో పదేళ్లు నెలకు పది పదిహేను కచేరీలు, దానికి తగిన రాబడి ఉండేవి. కళాకారులకు పెన్షను లేదు, కరువు భత్యం లేదు, ట్రెజరీలో జీవన ప్రమాణ పత్రం ఇవ్వవలసిన పనీ లేదు. వాయిస్తేనే అన్నం. ఆ మనిషి అరవై దగ్గరపడ్డాక అలా అనగలిగాడంటే ఆ గుండెను మనం, ఒకటో తేదీ కోసం ఎదురు చూసేవాళ్లం, కొంచెం ఆలోచించాలి.

అలా కచేరీలు తగ్గిన కాలంలోనే ఆయన రిషివ్యాలీకి వచ్చారు. ఆ పాఠశాల కథ మనవాళ్లకు తెలిసిందే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి ఆలోచనతో, అనిబిసెంటు గారి ఆదరంతో ఆ లోయలో స్థలం సంపాదించారు. 1930ల నుంచి అక్కడ బడి నడుస్తున్నది. చుట్టూ బండలు తేలిన కొండలు, సీతాఫలం చెట్లు, చాలాకాలం ఒక మహా మర్రిచెట్టు. మదనపల్లెకు సంగీతంతో పాత బాంధవ్యమే ఉంది. 1919లో రవీంద్రనాథ్ టాగోరు గారు బిసెంటు కళాశాలకు వచ్చి విడిది చేసినప్పుడు, మార్గరెట్ కజిన్స్ గారి సాయంతో జనగణమన బాణీ స్వరలిపికెక్కింది మన ఊళ్లోనే. ఆ వరుసలో మణి అయ్యర్ గారి రాక రెండోది. దానికి శిలాఫలకాలు లేవు.

ఆ సంవత్సరాల్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాను. మదనపల్లె బస్టాండులో రిషివ్యాలీ పిల్లలు సెలవుల తరువాత ట్రంకు పెట్టెలతో దిగడం ఎన్నోసార్లు చూశాను. బెంగుళూరు, మద్రాసు, బొంబాయి నుంచి వచ్చేవాళ్లు. డాక్టర్లు, ఇంజనీర్లు, ఆఫీసర్లు కాబోయే పిల్లలు. మృదంగమే వృత్తిగా పెట్టుకోవాలని వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరుంటారు? అటువంటి పిల్లల ముందు సంగీత కళానిధి, పద్మభూషణుడు అయిన మనిషి చాప మీద కూర్చున్నాడు. మృదంగంలో మొదటి పాఠం త, ధి, తొం, నం. నాలుగు అక్షరాలు, నాలుగు దెబ్బలు. నెలల తరబడి అవే. వేళ్లు బొబ్బలెక్కుతాయి, ధ్వని మాత్రం రాదు. రాజాస్థానాల స్థాయి విద్వాంసుడికి ఆ నాలుగు అక్షరాల దగ్గరకు దిగిరావడం కష్టమని లోకం అనుకుంటుంది. ఆయన వచ్చారు. అక్కడ మైకు లేదు, టిక్కెట్టు లేదు, తరువాతి రోజు పత్రికలో విమర్శ లేదు. ఒక గది, పిల్లలు, బయట కొండ. మైకు లేకుండా వినే చెవులు ఆయనకు కావాలి. అవి మద్రాసులో కరువై, మన కరువు సీమలో దొరికాయి.

ఆయన వద్ద వేర్వేరు కాలాల్లో నేర్చినవారిలో పాల్ఘాట్ రఘు, ఉమయాళ్పురం శివరామన్ ప్రపంచమంతా ఎరిగిన పేర్లు. మన తెలుగువారిలో వి. కమలాకరరావు గారు ఆయన శిష్యులే. కుమారులు రాజమణి, రాజారామ్ తండ్రి విద్యనే పట్టారు. ప్రసిద్ధ గాయకుడు కె.వి. నారాయణస్వామి కూడా చిన్నప్పుడు ఆయన నీడలో పెరిగినవాడే. ఆ కుర్రవాడిలోని గొంతును గుర్తించి అరియకుడి వారి దగ్గర శిష్యుడిగా చేర్పించింది మణి అయ్యర్ గారే. తన విద్యను ఇచ్చి ఊరుకోకుండా, పాట పాడగలవాణ్ణి పాట దగ్గరకే పంపడంలో మళ్లీ ఆ పాత వరుస కనిపిస్తుంది. పాట ముందు, మద్దెల తరువాత.

1981 మే 30న మణి అయ్యర్ గారు కాలం చేశారు. అరవై తొమ్మిది నిండటానికి కొద్ది రోజులే ఉంది. ఆయన వాయించిన కచేరీలు ఆకాశవాణి భద్రపరచినవి, రసికులు దాచుకున్నవి చాలానే మిగిలాయి. నా మనవరాలు ఆ మధ్య తన ఫోనులో వెదికి చెంబై గారి పాత కచేరీ ఒకటి పెట్టింది. మైకు వద్దన్న పెద్దమనిషి అరచేతిలోని పెట్టెలో నుంచి మోగుతున్నాడని నవ్వుకున్నాము. ఇంట్లో పిల్లలుంటే మీరూ పెట్టించుకోండి. తని ఎప్పుడు వస్తుందా అని ముందుకు జరపవద్దు. కీర్తన మొదటి నుంచి వినండి. చరణంలో గాయకుడు ఒక మాట దగ్గర ఆగినప్పుడు మృదంగం కూడా ఆగుతుంది, ఒక్క క్షణం. ఫోను చెడిపోయిందని మా ఆవిడ అనుకున్నది అక్కడే.